పాత మోటారు బండికి క్రొత్త రేకులు: ముద్దేనహళ్ళి సంకల్పము మొదలు పద్మిని కారు వరకు

మోటారు బండిని గూర్చి మన భాషలో చరిత్రదృష్టితో వ్రాసినవారు మిక్కిలి తక్కువ. దేవాలయములు, శాసనములు, పాళెగాండ్ర కోటలు, కవుల కాలనిర్ణయము మొదలగు విషయములపై మన పండితులు చేసిన కృషి శ్లాఘనీయము. కాని గడచిన నూరేండ్లలో మన ఊళ్ళ రూపురేఖలనే మార్చిన యంత్రములను చరిత్రవస్తువులుగా ఎంచువారు అరుదు. “నిన్న మొన్న వచ్చినది గదా, దీనికి చరిత్రమేమి?” యని తేలికగా త్రోసివేయుచుందుము. మనమిట్లు ఉపేక్షించుచుండగనే ఆ యంత్రములు తుప్పుపట్టి పాత ఇనుప అంగళ్ళకు చేరుచున్నవి. మిగిలినవి పలువిధములైన మరమ్మతులకు లోనై తొలిరూపమును గోల్పోవుచున్నవి.

ఈ వ్యాసమున చర్చింపదలచినది చూచుటకు చిన్న విషయము. పాత కారునకు, అదే జాతికి చెందిన తరువాతి నమూనా బండి యొక్క రేకులను, అనగా మడ్‌గార్డులు, బానెట్టు, తలుపులు, ముందరి జాలరి, డిక్కీ మూత మొదలగువానిని తెచ్చి అమర్చుట మన దేశమున చిరకాలముగా సాగుచున్న వాడుక. ఇది మన దేశమున అంత సులభముగా ఎట్లు సాధ్యమయ్యెను? దీనివలన బండికి కలిగిన లాభమేమి, చరిత్రకు కలిగిన నష్టమేమి? నేడు పాతబండ్లు కలవారు ఏమి చేయవలెను? ఈ మూడు ప్రశ్నలకు క్రమముగా సమాధానము చెప్పుటయే ఇందలి ప్రయత్నము.

ముద్దేనహళ్ళి నుండి కుర్లా వరకు

ఈ కథ మొదటి పుట చిక్కబళ్ళాపురమునకు సమీపమున నున్న ముద్దేనహళ్ళిలో తెరచుకొనుచున్నది. సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జన్మస్థలము ఈ గ్రామమే. వారి పూర్వులు ఆంధ్రదేశమునందలి మోక్షగుండం గ్రామమునుండి వలస వచ్చిన తెలుగువారు. ఆయన బాల్యవిద్య చిక్కబళ్ళాపురమున జరిగెను. మైసూరు దివానుగా, కృష్ణరాజసాగర నిర్మాతగా, 1908 నాటి మూసీ వరదల పిమ్మట హైదరాబాదు నగరరక్షణకు పథకము రచించిన ఇంజనీరుగా వారిని ఎరుగని తెలుగువాడుండడు. కాని భారతదేశమున మోటారు బండ్ల కర్మాగారము నెలకొల్పవలెనని తొలిగా పూనుకొన్న వారిలో ఆయన ముఖ్యులను సంగతి మనలో చాలమందికి తెలియదు.

1934లో ‘ప్లాన్డ్ ఎకానమీ ఫర్ ఇండియా’ యను గ్రంథమును ప్రకటించిన విశ్వేశ్వరయ్యగారు, ఆ మరుసటి సంవత్సరమున యూరపు, అమెరికా దేశములు తిరిగి అచ్చటి మోటారు కర్మాగారములను స్వయముగా పరిశీలించి వచ్చిరి. అప్పటికి వారి వయస్సు డెబ్బదియేండ్లు దాటినది. తిరిగివచ్చి 1936లో బొంబాయియందు పారిశ్రామికులయెదుట ఒక పథకమునుంచిరి. విదేశములనుండి విడిభాగములను తెప్పించి ఇచ్చట బిగించి అమ్ముట పరిశ్రమ యనిపించుకొనదనియు, భాగములను ఇచ్చటనే తయారుచేయగలిగిననాడే అది స్వదేశ పరిశ్రమ యగుననియు వారి దృఢాభిప్రాయము. నాటి భారత ప్రభుత్వమునుండి కావలసిన ప్రోత్సాహము లభింపలేదు. అయినను ఆ పథకము వ్యర్థము కాలేదు. దానిని చేపట్టిన సేఠ్ వాల్‌చంద్ హీరాచంద్ అమెరికాయందలి క్రైస్లర్ సంస్థతో ఒప్పందము కుదుర్చుకొని 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థను స్థాపించెను. బొంబాయి సమీపమున కుర్లాలో నిర్మింపబడిన ఆ కర్మాగారమునుండి 1947లో తొలి బండ్లు వెలువడెను. ఈ వాల్‌చందే మైసూరు ప్రభుత్వ సహకారముతో 1940లో బెంగుళూరున హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థకు అంకురార్పణ చేసినవాడనుటయు స్మరణీయము.

ప్రీమియర్ సంస్థ మొదట డాడ్జి, ప్లిమత్ వంటి పెద్ద అమెరికా బండ్లను బిగించెను. అవి సామాన్య గృహస్థునకు అందుబాటులో నుండునవి కావు. కావున 1950 ప్రాంతమున ఇటలీ దేశపు ఫియట్ సంస్థతో సంబంధము కలుపుకొని చిన్న బండ్లను చేపట్టెను. విశ్వేశ్వరయ్యగారి సంకల్పమునకు ఫలముగా మధ్యతరగతి ఇంటిముంగిటికి వచ్చిన ఫియట్ 1100 కారు ఆ విధముగా ఉద్భవించినది. మనమిచ్చట చర్చించు రేకుల కథకు ప్రధాన పాత్ర ఇదియే.

అచ్చుల కథ

ఒక బండి రేకు మరియొక బండికి సరిపోవుటకు మూలమేమి? మోటారు బండ్ల తొలిదినములలో ఇది అసాధ్యము. అప్పుడు బండిదేహమును కొయ్యచట్రముపై రేకు తాపి, ఒక్కొక్కదానిని చేతితోనే తయారుచేసెడివారు. గుఱ్ఱపు బండ్లు చేయు వడ్రంగులే కారుదేహములను గూడ చేసిరి. ఒక బండి తలుపు మరియొక బండికి పట్టెడిది కాదు.

ఈ స్థితిని మార్చిన ఘట్టములు రెండు. మొదటిది 1908లో ఇంగ్లండునందు జరిగినది. మూడు కాడిలాక్ బండ్లను పూర్తిగా విప్పి, వాని భాగములను కుప్పగా కలిపి, అంగడి నిల్వలోని భాగములు కొన్ని అందు చేర్చి, ఆ కుప్పనుండి తిరిగి మూడు బండ్లను బిగించిరి. అవి మూడును 500 మైళ్ళ పరీక్షలో నెగ్గెను. భాగములు ఒకదానికి బదులొకటి సరిపోవునట్లు చేయవచ్చునని ఇది లోకమునకు చాటినది. రెండవది ఉక్కురేకును పెద్ద ప్రెస్సుయంత్రమున అచ్చులనడుమ నుంచి ఒక్క అదుముతో రూపుదిద్దు పద్ధతి. అమెరికాలో ఎడ్వర్డ్ బడ్ అను ఇంజనీరు ఈ మార్గమును ప్రచారమునకు తెచ్చెను. 1914లో ప్రారంభమైన డాడ్జి కారు పూర్తిగా ఉక్కుదేహముతో వెలువడినది.

అచ్చుపద్ధతిలో ఒక రేకు ఖరీదు స్వల్పము. అచ్చు ఖరీదు మాత్రము అపారము. కనుక లక్షలకొలది బండ్లు అమ్ముడుపోవు దేశములలోనే కొలది సంవత్సరములకొక పర్యాయము అచ్చులను మార్చుట గిట్టుబాటగును. స్వాతంత్ర్యానంతరము మన దేశమున బండ్ల గిరాకి స్వల్పము, విదేశమారకద్రవ్యము దుర్లభము. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక ననుసరించి, స్వదేశమున తయారుచేయు కార్యక్రమము లేని సంస్థలకు ప్రోత్సాహము నిలిచిపోయెను. జనరల్ మోటార్స్, ఫోర్డు సంస్థలు 1954 నాటికి ఇచ్చటి బిగింపు పనిని మానుకొనెను. మిగిలిన సంస్థలు విదేశములలో వాడుక ముగియుచున్న నమూనాల యంత్రసామగ్రిని, అచ్చులను తెప్పించుకొని, వానిని దశాబ్దులకొలది వాడుకొనెను. ఒకే అచ్చు ముప్పది నలువదియేండ్లు పనిచేసినప్పుడు, 1990 ప్రాంతమున వచ్చిన రేకు 1960 ప్రాంతమునాటి బండికి సరిపోవుటలో ఆశ్చర్యమేమున్నది? లోకమున అన్యత్ర దుర్లభమైన సౌకర్యము మన పేదరికము వలన మనకు లభించినది.

నమూనాల వరుస

ఈ విషయమును మూడు బండ్ల వంశవృక్షములతో స్పష్టము చేయవచ్చును.

మొదటిది ఫియట్ 1100. ఇటలీలో 1953లో వెలువడిన ఈ నమూనా మరుసటి సంవత్సరము మొదలుకొని మన దేశమునకు వచ్చెను. ఇందలి చట్రమును, దేహమును వేరువేరు కావు. రేకులన్నియు అతుకబడి ఏకదేహముగా నుండును. సెలెక్ట్, సూపర్ సెలెక్ట్ మున్నగు పేర్లతో కొలది కొలది మార్పులు పొందుచు వచ్చినది. గుండ్రని రూపమును బట్టి బొంబాయివారు దీనిని ‘డుక్కర్ ఫియట్’ అని హాస్యమాడిరి. మరాఠీలో డుక్కర మనగా పంది. 1964లో 1100 డిలైట్ అను నమూనా వచ్చెను. 1972లో ఫియట్ సంస్థతో ఒప్పందము ముగియగా, అదే బండి ప్రీమియర్ ప్రెసిడెంట్ అను పేరు దాల్చి, 1974లో ప్రీమియర్ పద్మిని యైనది. రాజస్థానమునందలి చిత్తోడు రాణి పేరిది. పద్మిని తయారీ 2000 ప్రాంతమున నిలిచిపోయెను. అనగా 1964 నాటి దేహము చిన్నచిన్న మార్పులతో ముప్పదియైదేండ్లకు పైగా జీవించినది. పుట్టినింట ఇటలీలో ఆ నమూనా ఆయువు 1962 నుండి 1966 వరకు మాత్రమే.

రెండవది అంబాసిడర్. 1942లో స్థాపింపబడిన హిందుస్థాన్ మోటార్స్ సంస్థ కలకత్తా సమీపమున ఉత్తరపారాలో కర్మాగారము నెలకొల్పి, ఇంగ్లండునందలి మోరిస్ బండ్లను చేపట్టెను. 1954లో వచ్చిన లాండ్‌మాస్టరునకు మోరిస్ ఆక్స్‌ఫర్డు రెండవ శ్రేణియు, 1957లో ఆరంభమైన అంబాసిడరునకు మూడవ శ్రేణియు మూలములు. ఇంగ్లండున ఆ మూడవ శ్రేణి 1959లోనే ముగిసినది. ఇచ్చట మార్క్ 2, 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4, 1990లో నోవా, పిమ్మట ఇసుజు ఇంజనుతో కూడిన 1800 నమూనా మొదలగునవిగా సాగి, 2014 మే నెలలో నిలిచిపోయెను. ఇన్ని పేర్లు మారినను బండి నడుము, పైకప్పు, తలుపులు దాదాపు అవియే. మారినవి ప్రధానముగా ముందరి జాలరి, దీపములు, లోపలి సరంజామా, ఇంజను మాత్రమే.

మూడవది మద్రాసునందు స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థవారు 1961 నుండి తయారుచేసిన హెరాల్డ్. దీని స్వభావము వేరు. ఇందు ప్రత్యేక చట్రము కలదు. దేహభాగములు ఖండములుగా చట్రమునకు మరలతో బిగింపబడును. ముందుభాగమంతయు ఒకే మూతగా ముందునకు వాలును. కావున రేకు మార్చుట ఇందు మరల పని, అతుకు పని కాదు. 1968లో మన దేశమునకు ప్రత్యేకముగా నాలుగు తలుపుల మార్క్ 3 వచ్చెను. అటుపిమ్మట 1972లో గెజెల్ వచ్చి కొంతకాలము నడచినది.

రేకు మార్చు విధము

పాత బండికి క్రొత్త రేకు ఎందులకు కావలసివచ్చును? తుప్పు మొదటి కారణము, గ్రుద్దుకొనుట రెండవది. నలుగురి కంటికి బండి క్రొత్తగా కనబడవలెనను కోరిక మూడవది. బొంబాయి, మద్రాసు వంటి సముద్రతీర నగరములలో ఉప్పుగాలి వలన తుప్పు త్వరగా వ్యాపించును. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలు వానలు తక్కువైన మెట్టప్రాంతములు. ఇచ్చట తుప్పు మెల్లగా పట్టును. అయినను చక్రములపై గల మడ్‌గార్డు లోపలి అంచులలోను, తలుపుల క్రింది గడపలలోను బురద నిలిచి, కంటికి కానరాకుండ రేకును తినివేయును.

టింకరింగు పని తెలిసినవారు అనుసరించు క్రమమిది. ముందుగా బండి కొలతలు, ముఖ్యముగా తలుపు సందులలో ఒక మూలనుండి ఎదుటి మూలకు గల ఐమూల కొలతలు, తీసికొని వ్రాసికొనవలెను. ఏకదేహముగల బండికి గడపరేకు కోసినచో నడుము వంగు ప్రమాదము కలదు. కావున తలుపులను తగిలించియుంచి గాని, తలుపు ఖాళీలో ఇనుప ఊతకఱ్ఱ నిలిపి గాని గడప కోయవలెను. కర్మాగారమువారు రేకులను కలిపిన చుక్కల వెల్డింగును వెదకి, ఒక్కొక్క చుక్కను తొలిచి విడదీయవలెను. ఉలితో చీల్చినచో క్రింది రేకు పాడగును. పిమ్మట క్రొత్త రేకును పట్టులతో అమర్చి, తలుపు మూసి, బానెట్టు దించి, సందులన్నియు సమముగా నున్నవో లేదో పరికింపవలెను. అంతయు సరియైన తరువాతనే అతుకు వేయవలెను.

ఈ రేకుల మందము సామాన్యముగా ఒక మిల్లీమీటరునకు లోబడినది. గ్యాసు మంటతో ఒకేచోట ఎడతెగక అతికినచో వేడికి రేకు అలలుతేలును. కావున అంగుళము అతికి, చల్లారనిచ్చి, మరియొకచోట అతుకవలెను. అతుకు నునుపుచేసి, తుప్పునాపు పూత పూసి, సందులలో మైనమువంటి పదార్థమును నింపి, ఆపైననే పాటీ, రంగు వేయవలెను. తుప్పును కోసివేయక దానిపై పాటీ మెత్తి రంగు కొట్టుట సులభము. కాని రెండు వానకాలములకు ఆ మోసము బయటపడును.

తరువాతి రేకు అచ్చుగా సరిపోవునని భ్రమింపరాదు. అచ్చు అరిగినకొలది రేకు అంచులు తీరుతప్పును. నమూనా మారినప్పుడు దీపపు కన్నములు, మెరుగుపట్టీల కన్నములు చోటు మారును. ఆ కన్నములను పూడ్చుట, క్రొత్తవి తొలుచుట తప్పదు. మంచి పనివాడు రేకును బండికి అనుగుణముగా మలచును. తొందరపాటుగలవాడు బండినే రేకునకు అనుగుణముగా కోయును. ఈ రెంటికిగల తారతమ్యమే మన చర్చకు ప్రాణము.

తలుపుల చిక్కు

ఆ తారతమ్యమునకు ఫియట్ తలుపులే తగిన దృష్టాంతము. 1964కు పూర్వపు ఫియట్ 1100 బండ్లలో ముందు తలుపులకు బందులు నడిమి స్తంభమునకుండెను. అనగా తలుపు ముందువైపు తెరచుకొనెడిది. బండి పరుగులో గడియ ఊడినచో గాలివిసురునకు తలుపు బార్లా తెరచుకొని ప్రమాదము కలిగెడిది. డిలైట్ మొదలు పద్మిని వరకు గల బండ్లలో బందులు ముందు స్తంభమునకు మారెను.

సూపర్ సెలెక్ట్ బండి తలుపు తుప్పుపట్టినచో పద్మిని తలుపు తెచ్చి పెట్టవచ్చునా? ఇది కేవలము తలుపు మార్చుట కాదు. ముందు స్తంభమున బందులు నిలుచుటకు బలమైన పలకలు అతుకవలెను. నడిమి స్తంభమున పాత బందుల చోటును పూడ్చి గడియపట్టును నిలుపవలెను. అనగా బండి అస్థిపంజరమునే సవరింపవలెను. ఈ పని చేసిన బండిలో భద్రత హెచ్చునన్నది నిజము. కాని అది సూపర్ సెలెక్ట్ అనిపించుకొనదు, పద్మినియు కాజాలదు. మరల వెనుకకు మరలించుట దాదాపు అసాధ్యము. అంబాసిడర్ మార్క్ 1 బండికి మార్క్ 2 జాలరి పెట్టుట ఇట్టిది కాదు. అది మరలు విప్పి తీయదగిన మార్పు. పాత జాలరి దొరికిననాడు బండి తన రూపమును తిరిగి పొందగలదు. కాబట్టి తరువాతి నమూనా రేకులను అమర్చుట యను ఒకే పేరుతో పిలువబడు పనులలో రెండు జాతులు కలవు. ఒకటి మరలించదగినది, రెండవది మరలించరానిది. ఈ విభాగమును గుర్తింపక అన్నిటిని మెచ్చుటయు, అన్నిటిని నిందించుటయు రెండును పొరపాటే.

నంది దేవాలయపు పాఠము

పాతదానికి క్రొత్తదానిని చేర్చుట మన ప్రాంతమునకు క్రొత్త సమస్య కాదు. చిక్కబళ్ళాపుర సమీపమున నందిగ్రామమునందలి భోగనందీశ్వరాలయమునే చూడుడు. తొమ్మిదవ శతాబ్దినాటి నోళంబ, బాణ రాజుల కాలమున మొదలైన ఈ ఆలయమునకు తరువాతి రాజవంశములవారు తమ తమ భాగములను చేర్చుచు వచ్చిరి. అరుణాచలేశ్వర, భోగనందీశ్వర ఆలయముల నడుమ తరువాతి కాలమున ఉమామహేశ్వరుని చిన్న గుడి, దానియెదుట కల్యాణమండపము వెలసెను. విజయనగర కాలపువారు మరికొంత విస్తరింపజేసిరి. అయినను శిల్పమెరిగినవాడు ఆ ప్రాకారమున నిలిచి ఏది ఏ కాలమునాటిదో వేలుపెట్టి చూపగలడు. చేర్పులు చేసినవారు పాతదానిని చెరిపివేయలేదు. తమది పాతదియని నమ్మబలుకనూ లేదు. కావుననే ఆ చేర్పులును నేడు చరిత్రలో భాగములైనవి.

మోటారు బండ్ల విషయమున లోకమంతయు కొంత ఆలస్యముగా ఈ భావమునకే వచ్చినది. కట్టడముల పరిరక్షణకై 1964లో వెనిసు నగరమున ఒక ధర్మపత్రము వెలువడెను. చరిత్రాత్మక వాహనముల సంఘములకు అంతర్జాతీయ సమాఖ్యయైన ఫీవా సంస్థ 1966లో స్థాపింపబడి, 2012 ప్రాంతమున తురిన్ ధర్మపత్రము పేర అట్టి సూత్రములనే వాహనములకు ఏర్పరచినది. పాతదానిని సాధ్యమైనంతవరకు కాపాడుట, తప్పనిసరిగా మార్చినప్పుడు దానిని నమోదుచేయుట, క్రొత్త భాగమును గుర్తింపదగినట్లుంచుట వాని సారాంశము. క్రొత్త మెరుపునకంటె పాత సాక్ష్యమునకు విలువ హెచ్చు అనునది దాని భావము.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. “మన దేశమున కారును కాపాడినది ఈ మార్పిడి రేకులే గదా. పాత రేకు దొరకువరకు వేచియున్నచో ఎన్ని బండ్లు మిగిలెడివి?” అని. ఈ మాట సత్యము. క్రొత్త కారునకు డబ్బుకట్టి సంవత్సరములకొలది ఎదురుచూచిన కాలమది. బెంగుళూరు జె.సి. రోడ్డు, హైదరాబాదు రాణీగంజి అంగళ్ళలో లభించు భాగములతోనే గృహస్థుడు బండి నడుపుకొనెను. టింకరింగు పనివారి చేతినేర్పు లేనిచో నేడు పాతబండ్ల ప్రదర్శనములే యుండవు. నాడు పద్మిని మడ్‌గార్డు తగిలించుకొని నడచిన డిలైట్ బండి మన ఆర్థిక చరిత్రకు సాక్షి. దానికి తలవంపులేదు. అది డిలైట్ తొలిరూపమే యని నమ్మించుటయే తలవంపు. అట్లే అంబాసిడర్ పాతజాలరులకు గిరాకి హెచ్చిన ఈ దినములలో, 1980 నాటి బండికి 1960 నాటి ముఖము తగిలించి వయస్సు పెంచువారును కలరు. ఇది మార్పిడి రేకునకు తలక్రిందులైన రూపము. చరిత్రకు చేయు అపచారము మాత్రము ఒక్కటే.

శాసనదృష్టి

ఈ చర్చ కేవలము అభిరుచికి సంబంధించినది కాదు. ఇందు బండికలవాని హక్కు ఇమిడియున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషన్ పత్రమునందలి వివరములు తయారీదారు మొదట నిర్దేశించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును గట్టిగా సమర్థించెను. ఒకే నమూనాకు చెందిన పాడైన రేకు మార్చుటకు దీనివలన ఇబ్బందిలేదు. కాని దేహపు తీరును, చట్రమును, ఇంజనును మార్చునప్పుడు ఆర్.సి. పుస్తకమును ముందు చూచుకొనవలెను.

అంతకంటె ముఖ్యమైనది 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమము. తొలి రిజిస్ట్రేషను నాటినుండి 50 సంవత్సరములు దాటిన బండ్లు, తొలిరూపమున నిలిచియుండి చట్రము, దేహము, ఇంజనులలో గణనీయమైన మార్పునకు లోనుకానిచో, వింటేజి వాహనములుగా గుర్తింపు పొందవచ్చును. వానికి ‘వి.ఎ.’ అను అక్షరములతో ప్రత్యేక సంఖ్య లభించును. క్రొత్తగా నమోదునకు రుసుము 20,000 రూపాయలు. నమోదు పదియేండ్లు చెల్లును. పునర్నమోదునకు 5,000 రూపాయలు. ఇట్టి బండిని ప్రదర్శనములకు, ర్యాలీలకు, పరిశోధనకు, ఇంధనమునకు, మరమ్మతునకు మాత్రమే వీథికి తీయవలెను. అనుదిన వాడుకకు తీయరాదు.

ఈ నియమమునుబట్టి చూడగా, స్తంభములు కోసి పద్మిని తలుపులు పెట్టిన సూపర్ సెలెక్ట్ బండి తొలిరూపముననున్నదని ఎట్లు చెప్పగలము? ఇరువదియేండ్ల క్రిందట సౌకర్యమునకై చేసిన పని నేడు ఆ బండి గుర్తింపునకే అడ్డుపడవచ్చును. 1974 నాటి తొలి పద్మినులు సయితము ఇప్పుడు 50 ఏండ్లు దాటినవి. నిన్నటివరకు విడిభాగములకై విప్పబడిన పద్మిని తానే చరిత్రవస్తువైనది. బొంబాయి టాక్సీలుగా తిరిగిన పద్మినులలో చివరిదాని గడువు 2023 అక్టోబరు ముగియుటతో తీరినది. ఇకమీదట ఒక పద్మినిని విప్పి మరియొక ఫియట్‌ను బాగుచేయుట యనగా, ఒక తాళపత్రగ్రంథమును చింపి వేరొక గ్రంథమునకు అట్టవేయుటవంటిది.

మనము చేయదగినది

తెలుగు కుటుంబములవద్ద, మన మూడు తాలూకాలలో గాని దూరదేశములందు గాని, పాతబండ్లు కలవారు ఈ క్రింది నియమములను పాటించిన మేలు. పాత రేకును బాగుచేయ వీలున్నంతవరకు మార్చరాదు. తుప్పుపట్టినంత మేర కోసి, అంతమేరకే అదే మందపు రేకుతో అతుకు వేయించుట ఉత్తమము. మార్చక తప్పనిచో అదే నమూనా రేకును వెదకవలెను. అది దొరకనప్పుడే తరువాతి నమూనా రేకును, మరలించుటకు వీలుగా అమర్చవలెను. స్తంభములను, గడపలను, చట్రమును రేకుకొఱకు కోయరాదు. తీసిన పాత రేకు ఎంత శిథిలమైనను పారవేయక దాచవలెను. రేపటి పనివాడు దానినిబట్టియే అచ్చు కట్టవలసియుండును. చాసిస్ సంఖ్య, ఇంజను సంఖ్య గల పలకలను కదల్పరాదు. చివరగా, ఏ తేదీన, ఎవరిచే, ఏ రేకు, ఏ నమూనానుండి తెచ్చి అమర్చబడినదో ఒక పుస్తకమున వ్రాసి, పనికి ముందు వెనుకల ఛాయాచిత్రములతో సహా ఆర్.సి. పుస్తకముతోపాటు భద్రపరుపవలెను. ఇందు చివరి నియమమునకు ఖర్చు లేదు. కాని అన్నిటికంటె తక్కువగా పాటింపబడునది ఇదియే.

అట్లే మన సంఘములు వృద్ధులైన టింకరింగు పనివారి అనుభవములను సేకరించి గ్రంథస్థము చేయుట అవసరము. ఏ రేకు ఏ బండికి ఎట్లు పట్టునో వారి చేతులకు తెలిసినంతగా ఏ గ్రంథమునను లేదు. ఆ విద్య వారితోనే అంతరించుచున్నది.

విశ్వేశ్వరయ్యగారు నూరేండ్లు దాటి జీవించి 1962లో పరమపదించిరి. వారి అంత్యక్రియలు పుట్టిన ఊరైన ముద్దేనహళ్ళియందే జరిగెను. భాగములను స్వదేశమున చేసికొనగలుగుటయే పరిశ్రమ యని వారు పలికిన నాటినుండి తొమ్మిది దశాబ్దులు గడచినవి. నాడు భాగములను చేసికొనుట నేర్చికొంటిమి. చేసికొన్నదానిని గుర్తెరిగి కాపాడుకొనుట ఇప్పుడు నేర్వవలసియున్నది. ఆ పనికి ముందుగా కావలసినది డబ్బు కాదు, మన ఇంటి పెరటిలో గుడ్డకప్పి నిలిపిన పాతబండి యొక్క ఏ రేకు ఏనాటిదో ఒక పుటలో వ్రాసియుంచు శ్రద్ధ.